బలం పెరిగిన బండి

బలమైన ఎద్దుల జతను కొనుక్కొచ్చిన రైతు మొదట తడిమి చూసేది బండి ఇరుసును. కొత్త జత లాగే లాగుడుకు పాత ఇరుసు, పాత కాడి, పాత పగ్గాలు నిలుస్తాయా అన్నదే అతని చింత. పల్లెటూళ్ళలో ఎవరూ బడికి వెళ్ళి నేర్చుకోని ఈ ఇంగితం మోటారు సైకిలు విషయానికి వచ్చేసరికి ఎందుకో మరుగున పడిపోతుంది. దూర ప్రయాణాల మీద మక్కువ ఉన్న యువకుడు తన బండికి ఇంతకంటె పెద్ద ఇంజను వేయించుకోవాలని తలచినప్పుడు, అతని మనసులో మెదిలేది ఇంజను ఒక్కటే. బ్రేకు, క్లచ్, చైను, చట్టం ఆ ఆలోచనలోకి చాలా ఆలస్యంగా ప్రవేశిస్తాయి. కొన్నిసార్లు ప్రమాదం తరువాతనే ప్రవేశిస్తాయి.

ఈ కోరిక కొత్తదీ కాదు, నవ్వి తోసివేయదగినదీ కాదు. వెనుక భార్యనో, మిత్రుణ్ణో కూర్చోబెట్టుకొని, ఇరువైపులా సామాను సంచులు వేలాడదీసుకొని మనాలి నుంచి లేహ్‌కు బయలుదేరిన వానికి కనుమ దారిలో ఇంజను రొప్పడం మొదలుపెట్టగానే ఈ ఊహ కలగడం సహజం. మన దేశంలో ఇటువంటి ప్రయాణాలకు తరతరాలుగా పేరుపడిన బండి బుల్లెట్టు. 1955లో ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ మద్రాస్ మోటార్స్‌తో చేతులు కలిపి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించింది. మద్రాసు శివార్లలోని తిరువొత్తియూరు కార్ఖానా నుంచి 350 సి.సి. బుల్లెట్లు దేశమంతటికీ వెళ్ళాయి. 1970 నాటికి మాతృసంస్థ ఇంగ్లండులో మూతపడినా, మద్రాసులో పుట్టిన బండి మాత్రం ఆగలేదు. ఇంజను పెంచే పనిలోని మంచిచెడ్డలను తెలుసుకోవడానికి ఈ బండికి మించిన ఉదాహరణ దొరకదు.

‘సి.సి.’ అంటే ఘన సెంటీమీటరు. ఇంజను ఎంత పెద్దదో చెప్పే ఈ కొలత, పిస్టను కిందినుంచి పైకి ఒకసారి కదిలినప్పుడు తోసివేసే గాలి పరిమాణం. పాత 350 బుల్లెట్టు సిలిండరు అడ్డుకొలత 70 మిల్లీమీటర్లు, పిస్టను నడిచే దూరం 90 మిల్లీమీటర్లు. లెక్క కడితే 346 సి.సి. వస్తుంది. 1953లో ఇంగ్లండులో వెలువడిన 500 బుల్లెట్టులో పిస్టను నడిచే దూరం అదే 90 మిల్లీమీటర్లు. అడ్డుకొలత మాత్రం 84 మిల్లీమీటర్లు. లెక్క 499 సి.సి. అవుతుంది. అడ్డుకొలతను మరి మూడు మిల్లీమీటర్లు పెంచి 87 చేస్తే 535 సి.సి. బొటనవ్రేలి గోరు వెడల్పు తేడాతో ఇంజను పరిమాణం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుందన్న మాట! అరిగిన ఇంజనును చూసి “బోరుకు వచ్చింది” అనే మెకానిక్కుకు ఈ పని ఎంతో సులువుగా తోచడంలో వింత లేదు. పాత సిలిండరు తీసి పెద్దది అమర్చడమో, మొత్తం ఇంజనునే మార్చడమో చేస్తే చాలునని అతడు అనుకొంటాడు. బయటి రూపం చెక్కుచెదరదు. చూసినవారికి తేడా తెలియదు.

అయితే ఈ మార్పు వల్ల కలిగే లాభం చాలామంది ఊహించుకొనే లాభం కాదు. కార్ఖానా లెక్కల ప్రకారం ఆ నాటి 350 ఇంజను 18 అశ్వశక్తిని, 500 ఇంజను 22 అశ్వశక్తిని ఇచ్చేవి. పరిమాణం 44 శాతం పెరిగితే అశ్వశక్తి పెరిగినది 22 శాతమే. ఆ 22 శాతం కూడా వేగంగా మారదు. వేగం పెరిగేకొద్దీ ఎదురుగాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగపు ఘనం చొప్పున పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే ఎనిమిది రెట్ల శక్తి కావాలి. ఈ లెక్కన 22 శాతం అదనపు శక్తితో గరిష్ఠ వేగం పెరిగేది ఇంచుమించు 7 శాతం. గంటకు 100 కిలోమీటర్లు పోగలిగిన బండి 107 పోతుంది. ఇంత ఖర్చు, ఇంత శ్రమ ఆ ఏడు కిలోమీటర్ల కోసమే అయితే తల పట్టుకోవలసిందే.

పెద్ద ఇంజను నిజంగా ఇచ్చేది వేరొకటి. మెకానిక్కులు దానిని ‘పుల్లింగు’ అంటారు. పిస్టను నెత్తిమీద వైశాల్యం 44 శాతం పెరిగింది కనుక అంతే పీడనంతో అది క్రాంకును అంత ఎక్కువ బలంగా తిప్పుతుంది. ఎగువ దారిలో మాటిమాటికీ గేరు తగ్గించనవసరం ఉండదు. ఇద్దరు మనుషులు, సామాను ఉన్నా ఇంజను గొంతు చించుకోకుండా సాగుతుంది. లారీని దాటేటప్పుడు క్షణం ముందుగా దాటగలుగుతుంది. దూరప్రయాణికుడు కోరుకొనేది ఈ నెమ్మదినే గాని వేగాన్ని కాదు.

హిమాలయాలలో దీని విలువ మరింత తెలుస్తుంది. లద్దాఖ్‌లోని ఖర్దుంగ్ లా కనుమ ఎత్తు 5,359 మీటర్లు. అక్కడి గాలి పీడనం సముద్ర మట్టంలోని దానిలో ఇంచుమించు సగం. ఇంజనులో మండేది పెట్రోలు ఒక్కటే కాదు, గాలి కూడా. గాలి పలచబడినంత మేరకు శక్తి తరిగిపోతుంది. మైదానంలో 350గా పేరుపొందిన ఇంజను అక్కడ 200 సి.సి. పాటిదైనా కాకుండా పోతుంది. పాత కార్బురేటరు బండ్లలో మరొక ఇబ్బంది కూడా ఉండేది. గాలి తగ్గినా పెట్రోలు అదే పాళ్ళలో వచ్చిపడి ఇంజను నల్లని పొగ కక్కేది. గాలి కొలత చూసుకొని ఇంధనం చిమ్మే నేటి బండ్లు ఈ రెండవ ఇబ్బందిని తప్పించుకొన్నాయి. మొదటి దానినుంచి మాత్రం వాటికీ విముక్తి లేదు. కనుక అక్కడికి వెళ్ళివచ్చినవాడు పెద్ద ఇంజను కావాలని అంటే ఆ మాటలో న్యాయం ఉంది.

అయితే ఆ అదనపు బలాన్ని మోసేదెవరు? ఈ ప్రశ్నకు మోటారు సైకిళ్ళ చరిత్రలో ప్రసిద్ధమైన ఒక ఉదాహరణ ఉంది. 1936లో ఇంగ్లండులోని స్టీవెనేజ్‌లో ఫిలిప్ విన్సెంట్ సంస్థలో ఫిల్ ఇర్వింగ్ అనే ఆస్ట్రేలియా ఇంజనీరు పని చేస్తుండేవాడు. ఆ సంస్థ తయారుచేసే 499 సి.సి. ఇంజను చిత్రపటం నకళ్ళు రెండు అతని బల్లమీద ఒకదానిపై ఒకటి ఏటవాలుగా పడి ఉండగా, రెండు సిలిండర్లు ‘వి’ ఆకారంలో కలిసి ఒకే ఇంజనుగా అతనికి కనిపించాయని చెబుతారు. ఆ ఒక్క సిలిండరు కొలతలు కూడా 84, 90 మిల్లీమీటర్లే కావడం ఒక ముచ్చట. అలా పుట్టిన 998 సి.సి. రాపిడ్ మోటారు సైకిలు 45 అశ్వశక్తితో గంటకు 110 మైళ్ళ వేగాన్ని అందుకొన్నది. ఆ రోజులకు అది అద్భుతం.

అద్భుతం వెనుకనే చిక్కు వచ్చింది. ఇంజను విన్సెంటు వారిదే గాని, క్లచ్, గేరుపెట్టె బయటి సంస్థనుంచి కొన్నవి. ఒక్క సిలిండరు బలానికి సరిపోయిన ఆ భాగాలు రెండు సిలిండర్ల ధాటికి తట్టుకోలేక జారసాగాయి. యుద్ధానంతరం 1946లో వెలువరించిన రెండవ శ్రేణిలో వారు దాదాపు అంతా తిరగరాశారు. గేరుపెట్టెను ఇంజనుతో కలిపి ఒకే పేటికలో పోతపోశారు. క్లచ్చును తామే కొత్తగా రూపొందించారు. ఇంజనునే బండికి వెన్నెముకగా నిలిపి ముందువైపు ఫ్రేము గొట్టాలను తీసివేశారు. ఒక్కొక్క చక్రానికి రెండేసి చొప్పున నాలుగు డ్రమ్ము బ్రేకులు అమర్చడం ఆ సంస్థకు మొదటినుంచీ ఉన్న అలవాటు. ఇంజను రెట్టింపు చేయడానికి ఒక ఆలోచన చాలింది. ఆ రెట్టింపును మోయగల బండిని సిద్ధం చేయడానికి పదేళ్ళు పట్టింది. నడుమ యుద్ధం వచ్చిన మాట నిజమే. అయినా చేయవలసిన పని ఎంత ఉన్నదో దీనివల్ల తెలుస్తుంది.

ఇందుకు పూర్తిగా ఎదురైన కథ మరొకటి ఉంది. ఐర్లండుకు చెందిన రెక్స్ మెక్‌కాండ్లెస్ నార్టన్ సంస్థ కోసం రూపొందించిన ఫ్రేము 1950లో పందేలలోకి దిగింది. దాని మీద ఎక్కి చూసిన హెరాల్డ్ డానియెల్ అనే పందెగాడు ఈకల పరుపు మీద పోతున్నట్లు ఉన్నదని అనడంతో దానికి ‘ఫెదర్‌బెడ్’ అనే పేరు స్థిరపడింది. మన కవులైతే హంసతూలికా తల్పం అని ఉండేవారు. ఆ కాలంలో చిన్న పందెపు కార్లు తయారుచేసేవారికి నార్టన్ ఇంజన్లు కావలసి వచ్చాయి. ఇంజనును విడిగా అమ్మరు కనుక వారు మొత్తం బండిని కొని, ఇంజను ఊడదీసుకొని, మిగిలినది వదిలివేసేవారు. ఇంజను లేని ఆ మేలైన ఫ్రేములలో యువకులు ట్రయంఫ్ సంస్థవారి రెండు సిలిండర్ల ఇంజన్లను అమర్చుకొన్నారు. ఆ సంకరానికి ‘ట్రైటన్’ అని పేరు. అది ఈనాటికీ గౌరవం పొందుతున్నదంటే కారణం ఒక్కటే. ఇంజను కంటె ముందు అక్కడ ఫ్రేము సిద్ధంగా ఉంది. బలమైన దేహం తనకు తగిన గుండెను వెతుక్కొన్నది. మన వీధి చివరి షెడ్డులో జరిగేది సాధారణంగా దీనికి తలక్రిందులు. “తా దూర కంత లేదు, మెడకొక డోలు” అన్న సామెత ఇటువంటి పనులను చూసే పుట్టిందా అనిపిస్తుంది.

తయారీదారులు స్వయంగా ఏం చేశారో చూసినా ఇదే తెలుస్తుంది. 2013లో రాయల్ ఎన్‌ఫీల్డ్ తన 500 ఇంజను అడ్డుకొలతను 87 మిల్లీమీటర్లకు పెంచి 535 సి.సి. కాంటినెంటల్ జీటీని విడుదల చేసింది. పెరిగినది 36 సి.సి. మాత్రమే. అయినా ఆ బండికి ఇంగ్లండులోని హారిస్ పెర్ఫార్మెన్స్ సంస్థతో కలిసి జంట గొట్టాల కొత్త ఫ్రేమును చేయించింది. ముందు చక్రానికి 300 మిల్లీమీటర్ల డిస్కు బ్రేకును అమర్చింది. 2018లో 648 సి.సి., 47 అశ్వశక్తి గల జంట సిలిండర్ల బండ్లు వచ్చినప్పుడు ఫ్రేము మళ్ళీ కొత్తదే. డిస్కు 320 మిల్లీమీటర్లకు పెరిగింది, చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏర్పాటు తోడయింది. పాత ఫ్రేములో పెద్ద ఇంజను దూర్చడం చేతకాక ఆ ఇంజనీర్లు ఇంత ఖర్చు పెట్టలేదు.

అన్నిటికంటె ముందు ఆలోచించవలసినది బ్రేకు. కదిలే బండిలోని శక్తి వేగపు వర్గం చొప్పున పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టిన తరువాత 28 మీటర్లలో ఆగిన బండికి, అదే బ్రేకు అంతే బలంగా పట్టినా, 80 కిలోమీటర్ల వేగంలో సుమారు 50 మీటర్లు కావాలి. అపాయాన్ని గుర్తించి బ్రేకు పట్టేలోగా దొర్లిపోయే దూరం దీనికి అదనం. ఇరవై కిలోమీటర్ల వేగం పెంచుకొన్నందుకు చెల్లించే మూల్యం ఇరవై మీటర్లకు పైమాట. ఆ ఇరవై మీటర్లలో ఒక ఎడ్లబండి ఉండవచ్చు, ఒక బడిపిల్ల ఉండవచ్చు.

దిగువ దారి దీనికంటె కఠినమైన పరీక్ష. ఖర్దుంగ్ లా నుంచి దాదాపు నలభై కిలోమీటర్లలో దారి లేహ్‌కు దిగుతుంది. ఎత్తులో తేడా సుమారు 1,850 మీటర్లు. బండి, ఇద్దరు మనుషులు, సామాను కలిసి 350 కిలోలు అనుకొందాం. ఆ దిగుడులో విడుదలయ్యే శక్తి దాదాపు పందొమ్మిది లీటర్ల చన్నీటిని మరిగేదాకా కాచడానికి సరిపోతుంది. అందులో కొంత గాలి, కొంత గేరులో ఉన్న ఇంజను మింగుతాయి. మిగిలినదంతా బ్రేకులలో వేడిగా మారవలసిందే. మూసి ఉన్న పాత డ్రమ్ము బ్రేకు వేడెక్కేకొద్దీ పట్టు సడలుతుంది. పిడిని ఎంత నొక్కినా బండి ఆగదు. చిన్న ఇంజను బండి నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది కనుక ఆ బ్రేకుకు ఊపిరి తీసుకొనే వ్యవధి దొరుకుతుంది. ఇంజను పెరిగిందన్న ధీమాతో సామాను పెంచి, వేగం పెంచి దిగేవానికి ఆ వ్యవధి కూడా దొరకదు.

ఇంజను లోపల కూడా మార్పు ఒక్క సిలిండరుతో ముగిసేది కాదు. పెద్ద పిస్టను బరువైనది. అది పైకీ కిందికీ కొట్టుకొనేటప్పుడు పుట్టే అదరు ఎక్కువ. దానికి తగినట్లు క్రాంకు తూకాన్ని సరిచూడకపోతే ఆ అదరు ఫ్రేము అతుకులకు, నట్లకు, నడిపేవాని మణికట్లకు చేరుతుంది. కనెక్టింగ్ రాడ్డు అడుగున ఉండే బేరింగు మీద వత్తిడి పెరుగుతుంది. ఇంజను పుట్టించే వేడి పెరుగుతుంది. చల్లబరచవలసినది అదే గాలి, అదే కొద్దిపాటి ఆయిలు. క్లచ్ పలకలు, చైను, వెనుక చక్రపు పుల్లలు కూడా కొత్త బలాన్ని మోయాలి. వీటిలో ఏది ముందుగా విరుగుతుందో ఆ షెడ్డులో ఎవరూ చెప్పలేరు. ఊరికి దూరంగా ఉన్నప్పుడు మాత్రం తప్పక తెలుస్తుంది.

ఇంజను మార్పిడి మన దేశంలో వేగం కోసం కాక పొదుపు కోసం కూడా విరివిగా జరిగింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత సైన్యం వదిలించుకొన్న హార్లీ డేవిడ్‌సన్ బండ్లతో ఢిల్లీలో తయారైన ‘ఫట్‌ఫటీ’లు ఎన్నో ఏళ్ళు జనాన్ని మోశాయి. పెట్రోలు ధర పెరగడంతో వాటిలో డీజిలు ఇంజన్లు చేరాయి. సౌరాష్ట్రలోని ‘ఛకడా’ ముందుభాగం బుల్లెట్టుది, వెనుకభాగం తొట్టిది. ఎన్‌ఫీల్డ్ సంస్థ స్వయంగా 325 సి.సి. డీజిలు ఇంజనుతో బుల్లెట్టును అమ్మింది. దాని శక్తి 6.5 అశ్వశక్తి మాత్రమే. ఇవన్నీ మన పనివారి చాతుర్యానికి సాక్ష్యాలే. కాని వాటిలో అనేకం అసలు ఇంజను కంటె తక్కువ శక్తి గలవని, మెల్లగా నడిచేవని మరువరాదు. బండి భరించగలిగిన దానికంటె తక్కువ అడగడం వేరు, ఎక్కువ అడగడం వేరు.

ఇక చట్టం సంగతి. మన దేశంలో ఆర్.సి.లో ఇంజను నంబరు, సి.సి. పరిమాణం నమోదై ఉంటాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, 2000లో సవరించిన మేరకు, ఆ వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చరాదని చెబుతున్నది. కేరళ నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే స్థిరపరిచింది. అదే ఏడాది చట్టానికి జరిగిన సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేక ఆరు నెలల వరకు జైలు, లేక రెండూ విధించవచ్చు. పాడైన ఇంజను స్థానంలో అదే తయారీ, అదే రకం ఇంజనును నమోదు అధికారి అనుమతితో వేయించుకోవడానికి, ఆమోదించిన పరికరాలతో గ్యాసుకో బ్యాటరీకో మార్చుకోవడానికి దారి ఉంది. 350 బండిలో 500 ఇంజనుకు లేదు.

దీనిని అధికారుల చాదస్తమని కొట్టివేయడం తేలిక. కాని ఒక కొత్త రకం బండిని అమ్మకానికి అనుమతించే ముందు పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలు దాని బ్రేకులను, పొగను, శబ్దాన్ని కలిపి పరీక్షిస్తాయి. ఆ ధ్రువపత్రం ఇంజనుకు ఒక్కదానికే ఇచ్చినది కాదు, ఆ కూర్పుకు ఇచ్చినది. కూర్పు మారితే పత్రం విలువ పోతుంది. అటుపిమ్మట ప్రమాదం జరిగితే బీమా సంస్థతో వివాదం తలెత్తడానికి కూడా అదే కారణం కావచ్చు. గాయపడిన ఎదుటి మనిషి కుటుంబానికి ఆ వివాదం తీరేదాకా ఎదురుచూపే మిగులుతుంది.

ఎక్కుడు దారిలో బండి ఊరట పొందే ఉపాయాలు ఇంజను మార్చకుండానే ఉన్నాయి. గేరుపెట్టె వద్ద ఉండే చిన్న పళ్ళచక్రంలో ఒక పన్ను తగ్గించి, ఉదాహరణకు 17 పళ్ళ స్థానంలో 16 పళ్ళది వేస్తే, వెనుక చక్రం వద్ద పుల్లింగు 6 శాతం పెరుగుతుంది. గరిష్ఠ వేగం కొంత తగ్గుతుంది. యాత్రికుడికి అది నష్టం కాదు. టైర్లలో సరైన గాలి, బిగువు చూసిన చైను, శుభ్రమైన ఎయిర్ ఫిల్టరు, సగానికి తగ్గించిన సామాను — వీటి ఫలితం చాలామంది అనుకొనేదానికంటె ఎక్కువ. ఇవన్నీ చాలనివారు కార్ఖానాలోనే పెద్ద ఇంజనుతో పుట్టిన బండిని కొనుక్కోవచ్చు. ఫ్రేము, బ్రేకులు, క్లచ్ దానికి తగినట్లుగానే వస్తాయి.

బ్రిటిష్ పాత్రికేయుడు టెడ్ సైమన్ 1973లో 500 సి.సి. ట్రయంఫ్ మీద లండన్‌లో బయలుదేరి, నాలుగేళ్ళలో మన దేశంతో సహా 45 దేశాలు తిరిగి, లక్ష కిలోమీటర్లు దాటి ప్రయాణించాడు. ఈనాటి లెక్కలో అది నడితరగతి ఇంజను. అతడికి అది చాలింది. ఎందుకంటే అతడు కొలిచినది గంటకు ఎన్ని కిలోమీటర్లని కాదు.

పెద్ద ఇంజను కోసం షెడ్డుకు వెళ్ళేవారు అక్కడి మెకానిక్కును ఒక ప్రశ్న తప్పక అడగాలి: “ఇది ఎంత వేగం పోతుంది?” అని కాదు, “ఇద్దరం కూర్చొని కనుమ దిగుతుంటే ఇది ఎక్కడ ఆగుతుంది?” అని. ఆ ప్రశ్నకు కాగితం మీద లెక్కగట్టిన సమాధానం దొరికేదాకా పాత ఇంజనునే బాగుచేయించుకొని, ఒక గంట ముందుగా బయలుదేరడం మేలు.